వాల్డెన్ పాండ్ చుట్టూ ఎలా నడవాలి: చెరువు అనుకోకండి, చెలమ అనుకోండి

బోస్టన్ వైపు వచ్చిన మనవాళ్ళు వాల్డెన్ పాండ్‌కి వెళ్తే సాధారణంగా ఏం చేస్తారంటే, బీచ్‌లో ఒక గంట కూర్చుని, పార్కింగ్ పక్కనున్న చిన్న చెక్క ఇంటి ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ ఇల్లు నమూనా మాత్రమేనని, థోరో అనే అమెరికన్ రచయిత రెండేళ్ళు ఉన్న అసలు ఇల్లున్న చోటు నీళ్ళకి అటుపక్క చెట్లలో ఉందని తిరిగొచ్చాక ఎవరో చెప్తే గానీ తెలీదు. నేను కూడా మొదటిసారి అలాగే వచ్చేశాను. తర్వాత చాలాసార్లు, అన్ని సీజన్లలో చుట్టూ నడిచాక నాకు అర్థమైంది ఏంటంటే అక్కడ నేల ఎలా తయారైందో ముందు తెలుసుకుంటే చరిత్ర దానంతటదే తెలిసిపోతుంది, నేలని వదిలేసి చరిత్ర మాత్రం చదివితే అన్నీ విడివిడి కథల్లా ఉంటాయి. అందుకే మీరు నడిచే వరసలోనే రెండూ కలిపి రాస్తున్నా.

ముందు వెళ్ళే సంగతి. మసాచుసెట్స్‌లో కాంకర్డ్ అనే ఊరు, బోస్టన్‌కి వాయవ్యంగా 20 మైళ్ళు ఉంటుంది, రూట్ 2 మీద వచ్చి రూట్ 126కి తిరిగితే వెంటనే పార్కింగ్. రోడ్డు పక్కన ఆపుదాంలే అనుకోకండి, ఒప్పుకోరు. మసాచుసెట్స్ నంబర్ ప్లేట్ ఉంటే పార్కింగ్ 8 డాలర్లు, బయటి రాష్ట్రం ప్లేట్ అయితే 30 డాలర్లు, కాబట్టి న్యూజెర్సీ నుంచో కనెక్టికట్ నుంచో రెండు మూడు కార్లలో వచ్చేవాళ్ళు అందరూ ఒకే కారులో సర్దుకుని రావడం మంచిది. ఎండాకాలం శని ఆదివారాల్లో పొద్దున్నే నిండిపోతుంది, నిండితే గేటు మూసేస్తారు, మళ్ళీ కొంత ఖాళీ అయ్యేదాకా తెరవరు, అందుకే బయల్దేరే ముందు ఆన్‌లైన్‌లో చూస్కోండి. ట్రైన్‌లో వచ్చేవాళ్ళు ఫిచ్‌బర్గ్ లైన్ ఎక్కి కాంకర్డ్‌లో దిగాలి, అక్కణ్ణించి మైలున్నర నడక. ట్రైన్ పాండ్ ఒడ్డునే వెళ్తుంది కానీ అక్కడ ఆగదు.

కుక్కల్ని తేకూడదు, సైకిళ్ళు నడపకూడదు, మందు తాగకూడదు, గ్రిల్ పెట్టకూడదు, గాలి నింపే బొమ్మ ట్యూబులు నీళ్ళలో వేయకూడదు. ఇంట్లో చేసుకున్న పులిహోర తెచ్చుకోవచ్చు గానీ చెత్త మాత్రం మళ్ళీ మీతోనే తీసుకెళ్ళాలి.

ఇప్పుడు అసలు విషయం. పాండ్ అనగానే మన బుర్రలో చెరువు మెదుల్తుంది. చెరువంటే ఒక పక్క కట్ట ఉండాలి, తూము ఉండాలి, ఎక్కువైతే పారడానికి అలుగు ఉండాలి, పైనుంచి వాగో కాలవో వచ్చి కలవాలి. వాల్డెన్‌లో ఇవేవీ ఉండవు. మీరు చుట్టూ నడిచి వెతికినా లోపలికి వచ్చే వాగు ఒక్కటి కనపడదు, బయటికి పోయే దారి కూడా కనపడదు. ఎందుకంటే ఇది చెలమ. ఏటి ఇసకలో చేత్తో గుంట తీస్తే పక్కల నుంచి నీళ్ళు ఊరుతాయే, అదే, కాకపోతే ఈ గుంట తవ్వింది మంచు.

ఎలా తవ్విందంటే, పది పదిహేను వేల ఏళ్ళ కిందట ఈ ప్రాంతమంతా కప్పేసిన మంచు పలక కరుగుతూ ఉత్తరానికి వెనక్కి పోతున్నప్పుడు పెద్ద పెద్ద మంచు దిమ్మలు విడిపోయి ఇక్కడే ఉండిపోయాయి. కరిగిన నీళ్ళు ఇసకా గులకరాళ్ళూ మోసుకొచ్చి వాటి చుట్టూ, కొంత పైన కూడా పోశాయి. ఆ తర్వాత ఎప్పటికో ఆ దిమ్మలు కూడా కరిగాయి, కరిగిన చోట పైనున్న ఇసక కిందికి దిగిపోయి గుంటలు పడ్డాయి. ఇలాంటివాటిని కెటిల్ పాండ్ అంటారు. వాల్డెన్ విస్తీర్ణం 61 ఎకరాలు, చుట్టుకొలత 1.7 మైళ్ళు, లోతు మాత్రం వంద అడుగులు దాటుతుంది, పడమటి వైపు గుంట అన్నిటికన్నా లోతు. ఇంత చిన్న పాండ్‌కి అంత లోతు ఎలాగా అనిపిస్తే, అది నీళ్ళు కోసిన గుంట కాదు, మంచు దిమ్మ ఖాళీ చేసి వెళ్ళిన చోటు అని గుర్తుచేసుకోండి.

నీళ్ళ లెక్క కూడా ఇదే చెప్తుంది. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు లెక్కగట్టింది ఏంటంటే లోపలికి వచ్చే నీళ్ళలో సగం పైన నేరుగా పడే వాన, మంచు, మిగతా దాదాపు సగం భూగర్భ జలం. తూర్పు వైపు నేలలోంచి ఊరి లోపలికి వస్తుంది, పడమటి వైపు ఇసకలోంచి మెల్లగా బయటికి ఇంకిపోతుంది. ఒకసారి వచ్చిన నీరు సుమారు అయిదేళ్ళు లోపల ఉంటుంది. ఈ అయిదేళ్ళ సంగతి మనసులో పెట్టుకోండి, చివర్లో దీంతో పని ఉంది.

సరే, నడక మొదలుపెడదాం. పార్కింగ్ దగ్గరే విజిటర్ సెంటర్ ఉంది, 2016లో తెరిచారు, అక్కడ మ్యాప్ ఒకటి తీసుకుని పక్కనే ఉన్న నమూనా ఇల్లు ముందు చూసేయండి, ఎందుకంటే అసలు చోట ఇల్లు ఉండదు, కొలత ఇక్కడే కళ్ళకి పట్టాలి. 10 అడుగులు ఇంటూ 15 అడుగులు. ఒక మంచం, ఒక బల్ల, ఒక రాత డెస్కు, మూడు కుర్చీలు. హెన్రీ డేవిడ్ థోరో అనే ఆయన, అప్పటికి 27 ఏళ్ళవాడు, 1845 జూలై 4న ఇలాంటి ఇంట్లోకి వచ్చి 1847 సెప్టెంబర్ 6 దాకా, అంటే రెండేళ్ళ రెండు నెలల రెండు రోజులు ఉన్నాడు. స్థలం ఆయనది కాదు, స్నేహితుడు, రచయిత ఎమర్సన్ 1844లో కొన్నది. ఇంటికైన ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అని లెక్క రాసిపెట్టుకున్నాడు, అరసెంటుతో సహా. ఆ అనుభవం మీద రాసిన పుస్తకం 1854లో వచ్చింది, దానివల్లే ఈ పాండ్ పేరు ప్రపంచానికి తెలిసింది.

రోడ్డు దాటి మెట్లు దిగితే మెయిన్ బీచ్. నీళ్ళకి ఎదురుగా నిలబడితే మీరు పడమటికి చూస్తున్నట్టు. కుడివైపు, అంటే ఉత్తరపు ఒడ్డు పట్టుకుని బయల్దేరండి, ఎడమ నుంచి కూడా వెళ్ళొచ్చు గానీ కుడి నుంచి వెళ్తే ఇల్లున్న చోటు త్వరగా వస్తుంది, పిల్లలు అలిసిపోతే అక్కణ్ణించి వెనక్కి తిరగొచ్చు.

మొదట తగిలేది రెడ్ క్రాస్ బీచ్, రెడ్ క్రాస్ వాళ్ళు ఇక్కడ ఈత నేర్పేవాళ్ళు కాబట్టి ఆ పేరు. ఇక్కడ ఒక నిమిషం ఆగండి, ఎందుకంటే ఈ పార్క్ చరిత్రలో పెద్ద గొడవ జరిగింది ఈ ఒడ్డు మీదే. 1922లో ఎమర్సన్, ఫోర్బ్స్, హేవుడ్ కుటుంబాలవాళ్ళు సుమారు 80 ఎకరాలు రాష్ట్రానికి రాసిచ్చారు, ఎమర్సన్, థోరోల నాటి వాల్డెన్ అలాగే నిలవాలని, జనం ఈత కొట్టుకోవడానికి, పడవ నడుపుకోవడానికి, చేపలు పట్టుకోవడానికి వాడుకోవచ్చని షరతు పెట్టి. చూశారా, ఆ షరతులోనే చిక్కు ఉంది, అలాగే ఉంచాలి, అందరూ వాడుకోవాలి. అప్పట్లో నిర్వహణ మిడిల్‌సెక్స్ కౌంటీది. జనం ఎంత వచ్చారంటే 1935 వేసవిలో ఆదివారం ఒక్కరోజే 25,000 మంది దాకా వచ్చేవాళ్ళు. ఇసక గుట్టల మీద అన్ని కాళ్ళు పడితే ఏమవుతుంది, మట్టి పట్టు వదిలి జారుతుంది. 1957లో బీచ్ పెంచుదామని కౌంటీ వాళ్ళు బుల్‌డోజర్లు దించి ఈ గట్టు మీది చెట్లు కొట్టి చదును చేయడం మొదలుపెట్టారు. కాంకర్డ్ చుట్టుపక్కల వాళ్ళు సేవ్ వాల్డెన్ కమిటీ పెట్టి కోర్టుకెళ్ళారు, 1960లో రాష్ట్ర సుప్రీం కోర్టు దానపత్రంలో షరతుకి ఇది విరుద్ధం అని తేల్చింది. 1962లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్, అంటే జాతీయ చారిత్రక స్థలం అయింది, 1975లో కౌంటీ నుంచి రాష్ట్రం చేతికి వచ్చింది, ఒకేసారి వెయ్యి మందికి మించి ఉండకూడదని పరిమితి కూడా పెట్టారు. పార్కింగ్ గేటు మూశారని విసుక్కునే ముందు దీన్ని తల్చుకోండి, ఆ మూత వెనక పాతికవేల మంది తొక్కిన గట్టు ఉంది.

అక్కణ్ణించి దారి సన్నగా, రెండు పక్కలా తీగ కంచెతో ఉంటుంది. కొంతమందికి ఆ కంచె నచ్చదు, అడివిలో కంచె ఏంటి అంటారు. కానీ ఇది ఇసక, వేర్లు పోతే గట్టు నీళ్ళలోకి వచ్చేస్తుంది, దయచేసి కంచె దాటి అడ్డదారిలో దిగకండి. థోరో కూడా ఈ గట్టు వాలులో పాండ్ చుట్టూ అరుగులా ఒక సన్న దారి గుర్తుపట్టాడు, తనకన్నా ఎంతో ముందు ఇక్కడ వేటాడిన మూలవాసుల పాదాలకి అరిగిన దారి అని రాశాడు, పల్చగా మంచు పడ్డప్పుడు పాండ్ మధ్యలో నిలబడి చూస్తే తెల్లటి గీతలా స్పష్టంగా కనిపించేదట. 1635లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి కాంకర్డ్ అని పేరు పెట్టక ముందు ఈ ప్రాంతం మస్కెటాక్విడ్, గడ్డి మైదానాల్లో పారే ఏరు అని అర్థం చెప్తారు.

ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నడిచాక ఒడ్డు లోపలికి వంగుతుంది, దీన్ని థోరోస్ కోవ్ అంటారు. పక్కనే వైమన్ మెడో అని ఒక పల్లం ఉంటుంది, ఒక్కోసారి వెళ్తే గడ్డి, ఒక్కోసారి వెళ్తే నిండా నీళ్ళు. చెలమ అన్నానే, దానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు, భూగర్భ జలం పెరిగితే పాండ్ పెరుగుతుంది, పాండ్ పెరిగితే ఈ పల్లం నిండుతుంది.

కాస్త పైకి ఎక్కితే గ్రానైట్ రాతి స్తంభాలు చదరంగా నాటి ఉంటాయి, ఇల్లున్నది అక్కడే. థోరో వెళ్ళిపోయాక ఇల్లు చేతులు మారింది, దాన్ని ఊరికి అవతల పొలానికి లాక్కెళ్ళి ధాన్యం పోసుకోవడానికి వాడారు, చివరికి విప్పేశారు. ఇల్లు ఏ చోట ఉండేదో కూడా మసకబారిపోయింది. 1872లో థోరో స్నేహితుడు బ్రాన్సన్ ఆల్కాట్ ఒక సందర్శకురాలిని తీసుకొచ్చి గుర్తు చూపిస్తే ఆవిడ ఒక రాయి పెట్టింది, ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ ఒక్కో రాయి వేస్తూ వచ్చారు, ఇప్పుడక్కడ పెద్ద రాళ్ళ కుప్ప ఉంది. అసలు చోటు మాత్రం థోరో ఇక్కడికి వచ్చిన నూరేళ్ళకి, 1945 నవంబర్‌లో రోలండ్ రాబిన్స్ అనే ఆయన తవ్వి పొయ్యి గొట్టం పునాది బయటపెడితే తేలింది. రాళ్ళ కుప్పకీ పునాదికీ మధ్య కొన్ని అడుగుల దూరమే.

ఇక్కడ కూర్చుని ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటుంది. 1845 నాటికి కాంకర్డ్ చుట్టూ అడివి చాలామటుకు నరికేసి పొలాలు చేసేశారు, మరి ఇక్కడ చెట్లు ఎందుకు మిగిలాయి? జవాబు కాళ్ళ కిందే ఉంది, గులకరాళ్ళ ఇసక, ఎరువేసినా నిలవదు, నీళ్ళు పోస్తే జారిపోతాయి. వ్యవసాయానికి పనికిరాదు కాబట్టి పొయ్యికట్టెల కోసం వదిలేశారు. పనికిరాని నేల కాబట్టే ఎవరికీ అక్కర్లేనివాళ్ళకి ఇక్కడ చోటు దొరికింది. మసాచుసెట్స్‌లో బానిసత్వం పోయాక విడుదలైన నల్లజాతి వాళ్ళు బ్రిస్టర్ ఫ్రీమన్, నారబట్ట కోసం నూలు వడికి బతికిన జిల్ఫా వైట్, కేటో ఇంగ్రహమ్, వీళ్ళందరూ ఈ అడివి అంచుల్లో గుడిసెలు వేసుకుని బతికారు, థోరో వచ్చేసరికి నేలమాళిగ గుంటలు మాత్రం మిగిలాయి, ఆయన వాళ్ళ పేర్లు పట్టి రాసిపెట్టాడు. బ్రిస్టర్స్ హిల్ అని కొండకి బ్రిస్టర్ పేరే ఉంది. వాల్డెన్ అంటే ఒంటరి థోరో ఒక్కడే అనుకుంటాం గానీ థోరోకన్నా ముందు ఇక్కడ ఒంటరితనం కోరుకోకుండానే అనుభవించినవాళ్ళు వీళ్ళు.

థోరో కూడా ఆ ఇసకలోనే, రోడ్డు వైపున, రెండున్నర ఎకరాల్లో చిక్కుళ్ళు వేశాడు, వరసలన్నీ కలిపితే ఏడు మైళ్ళ పొడవు, ఖర్చులు పోగా మిగిలింది 8 డాలర్ల 71న్నర సెంట్లు. నేల సంగతి ఆ అంకె చెప్తుంది.

ఇంకా పడమటికి పోతే రైలు పట్టా వస్తుంది, దూరం నుంచే చప్పుడు వినిపిస్తుంది. ఫిచ్‌బర్గ్ రైల్రోడ్ 1844లో వేశారు, అంటే థోరో రాకముందే ఇక్కడ రైలు నడుస్తోంది, ఆయన నిర్మానుష్యమైన అడివిలోకి పోయాడు అనే మాట సరికాదు. అసలు ఆ ఇంటి పలకలు ఎక్కడివో తెలుసా, ఈ పట్టా పనిలో ఉన్న జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెని 4 డాలర్ల పాతిక సెంట్లకి కొని, విప్పి, మేకులు పీకి, ఎండలో ఆరబెట్టి వాడుకున్నాడు. పట్టాల మీద నడవకండి, ఇప్పటికీ రైళ్ళు తిరుగుతాయి.

ఈ కొసనే ఐస్ ఫోర్ట్ కోవ్ అంటారు, మన చెన్నై ఐస్ హౌస్ తెలిసినవాళ్ళు ఇక్కడ తప్పకుండా ఆగాలి. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ న్యూ ఇంగ్లండ్, అంటే ఈ ఈశాన్య అమెరికా చెరువుల్లో గడ్డకట్టిన మంచుని కోసి ఓడల్లో వేడి దేశాలకి పంపేవాడు, 1833లో కలకత్తాకి 180 టన్నులు పంపితే నాలుగు నెలల ప్రయాణంలో కరగ్గా 100 టన్నుల దాకా చేరింది. మద్రాసు తీరాన ఆ మంచు దాచుకోవడానికి 1842లో కట్టిందే ఐస్ హౌస్, తర్వాత 1897లో వివేకానందుడు అందులోనే బస చేశాడు. 1846-47 చలికాలంలో వాల్డెన్ మీద కూడా వందమంది ఐరిష్ కూలీలు మంచు కోసి ఒడ్డున కోటలా పేర్చారు, థోరో దాన్ని చూసి మద్రాసు, బొంబాయి, కలకత్తా వాళ్ళు నా బావిలో నీళ్ళు తాగుతున్నారు అని, పొద్దున్నే భగవద్గీత చదువుకుంటూ ఈ నీరు గంగతో కలుస్తోందని రాసుకున్నాడు. దీన్ని పట్టుకుని వాల్డెన్ మంచు గంగదాకా పోయింది అని చెప్తుంటారు గానీ ఆయన పుస్తకంలోనే ఇంకో వాక్యం ఉంది, పదివేల టన్నులని అంచనా వేసిన ఆ కుప్ప చాలామటుకు ఎక్కడికీ పోలేదు, ఎండుగడ్డి కప్పి ఉంచారు, 1848 సెప్టెంబర్ దాకా మెల్లగా కరిగి మళ్ళీ పాండ్‌లోకే చేరింది. నాకు గంగ కథకన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది. నీళ్ళు కలవలేదేమో గానీ మాట మాత్రం తిరిగి వచ్చింది, పన్ను కట్టనని 1846లో ఒక రాత్రి జైల్లో గడిపి ఆయన రాసిన వ్యాసాన్ని గాంధీ 1907లో దక్షిణాఫ్రికాలో తన ఇండియన్ ఒపీనియన్ పత్రికలో వేశాడు.

ఇప్పుడు ఖాళీగా కనిపించే ఈ ఒడ్డున 1866లో రైల్వే వాళ్ళు విహార పార్క్ కట్టారు, ఉయ్యాలలు, భోజనశాల, రైలు దిగి నేరుగా వచ్చేవాళ్ళు. 1902లో కాలిపోయాక మళ్ళీ కట్టలేదు.

దక్షిణపు ఒడ్డు మీద చెప్పుకోవాల్సిన కట్టడాలు తక్కువ, జనం కూడా తక్కువ, కాబట్టి మాట్లాడకుండా నడిచి నీళ్ళు చూడండి. రంగు మారుతూ ఉంటుంది, ఒడ్డున పచ్చగా, లోపల నీలంగా. ఈ పాండ్‌కి అడుగే లేదని ఊళ్ళో అనేవాళ్ళట, థోరో 1846 మొదట్లో మంచు గట్టిగా ఉండగానే దాని మీద నడుస్తూ, రంధ్రాలు చేసి, తాడుకి ఒక రాయి కట్టి దించి వందకి పైగా చోట్ల కొలిచి లోతు 102 అడుగులని చెప్పాడు. తర్వాత యంత్రాలతో కొలిచినవాళ్ళకి కూడా ఇంచుమించు అదే వచ్చింది. పైగా అతి పొడవైన గీత, అతి వెడల్పైన గీత కలిసే చోటే అతి లోతు ఉందని కూడా పటం గీసి గమనించాడు. ఓపికుంటే ఎమర్సన్స్ క్లిఫ్ అనే గుట్ట మీదికి ఎక్కండి, పిల్లలకి కొంచెం కష్టం.

నీళ్ళలోకి దిగేవాళ్ళకి ఒక మాట, సిగ్గుపడకుండా చెప్తున్నా. ముందు బాత్రూంకి వెళ్ళి రండి, పిల్లల్ని కూడా పంపండి. అలుగు లేని గుంట ఇది, నీరు అయిదేళ్ళు లోపలే ఉంటుందన్నానే, వేసవిలో ఈ నీళ్ళలోకి చేరే ఫాస్ఫరస్‌లో సగం పైన ఈతగాళ్ళ మూత్రం నుంచే కావచ్చని అంచనా. అడుగున నైటెల్లా అనే నాచు మైదానంలా పెరిగి ఆ పోషకాల్ని పట్టి ఉంచుతోంది, పాచి ఎక్కువై నీళ్ళు మసకబారితే వెలుతురు అందక అది చచ్చిపోతుంది, అది పోతే ఈ తేట కూడా పోతుంది. సన్‌స్క్రీన్ కూడా దిగేముందే రాసుకోకుండా ఒక పావుగంట ముందు రాసుకోండి. ఇంకో జాగ్రత్త, ఇసక బీచ్ దాటగానే లోతు ఒక్కసారిగా పెరుగుతుంది, ఈత రానివాళ్ళు లైఫ్‌గార్డ్ ఉన్న చోటే, తాడు లోపలే ఉండండి.

పార్క్ గీత దాటి చుట్టూ ఉన్న అడివి కూడా ఇదే ఇసక, ఇదే నీరు. 1980ల చివర్లో బ్రిస్టర్స్ హిల్ దగ్గర ఆఫీసులు, ఇంకో పక్క అపార్ట్‌మెంట్లు కట్టబోతే గాయకుడు డాన్ హెన్లీ 1990లో వాల్డెన్ వుడ్స్ ప్రాజెక్ట్ పెట్టి డబ్బు పోగుచేసి ఆ స్థలాలు కొనిపించాడు. నేల మీద కట్టేది నేల కింద నీళ్ళకి తగుల్తుంది కాబట్టి ఒడ్డుని మాత్రం కాపాడితే చాలదు.

ఏ నెలలో వెళ్ళాలి అని అడుగుతారు. ఈతకి జూలై, ఆకుల రంగులకి అక్టోబర్ రెండో మూడో వారం, చరిత్ర కోసమైతే మాత్రం నా ఓటు ఏప్రిల్‌కే, ఆకులుండవు కాబట్టి గుంట ఆకారం మొత్తం కనపడుతుంది. థోరో 1850లలో ఏ పువ్వు ఏ రోజు విచ్చుకుందో రాసిపెట్టుకున్నాడు, బోస్టన్ యూనివర్సిటీలో రిచర్డ్ ప్రిమాక్ బృందం వాటిని ఇప్పటి తేదీలతో పోల్చి చూస్తే సగటున వారం ముందే పూస్తున్నాయని తేలింది. మీరు చూసే మొదటి పువ్వు తేదీ కూడా రాసిపెట్టుకోండి.

చుట్టూ నడవడానికి గంట చాలు, ఆగుతూ చూస్తూ అయితే రెండున్నర గంటలు పెట్టుకోండి. మళ్ళీ మెయిన్ బీచ్‌కి వచ్చాక వెళ్ళిపోయే ముందు ఒక పని చేయండి, వైమన్ మెడో దగ్గర గానీ ఇక్కడ గానీ కదలని రాయి ఒకటి చూసుకుని, నీటి గీత ఎక్కడుందో కనపడేట్టు ఫొటో తీసుకోండి. వచ్చే ఏడు అదే చోట నిలబడి ఇంకోటి తీయండి. మొన్న వానలు బాగా పడ్డాయి కదా నిండే ఉంటుంది అనుకుంటారు, ఉండకపోవచ్చు, ఎండలు కాసిన ఏడు నిండుగా ఉండొచ్చు కూడా, ఎందుకంటే ఈ నీటిలో దాదాపు సగం నేల లోపలి నుంచి తన తీరికలో నడిచి వస్తుంది.